నల్లద్దం పట్టుకోని చేయి

ఖాజాగూడ, 1974 వేసవి, గురువారం రాత్రి

మా ఆయన ఇంకా కళ్ళు తెరవలేదు. పొద్దున గుట్ట దగ్గర రాళ్ళ క్రషరుకు వెల్డింగు చేయడానికి వెళ్ళినప్పుడు బాగానే ఉన్నారు. ఇనుప పలక పట్టుకునే మనిషి ఇవాళ రాలేదట. ఒక చేతిలో వెల్డింగు రాడ్డు, ఇంకో చేతిలో పలక. ఇక ముఖానికి అడ్డం పెట్టుకునే నల్లద్దం ఏ చేత్తో పట్టుకుంటారు? "చిన్న అతుకులే గదనే, కండ్లు చిట్లించి కొట్టిన" అంటారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అన్నం తింటుండగా మొదలైంది, కళ్ళల్లో ఇసుక పోసినట్టుందని. కాసేపటికి గోడ తడుముకుంటూ నడిచారు. ఆ వెల్డింగు మెరుపులో కనిపించే వెలుగుకన్నా కనిపించనిదే ఎక్కువ కాలుస్తుందని నాకు చెప్పింది ఆయనే. అతినీలలోహిత కిరణాలని నేను బడిలో బట్టీపట్టింది దాని గురించే.

అత్తమ్మ నా ఒళ్ళోంచి పాపను తీసుకుని, "సంటిపిల్ల తల్లివి, నీ పాలు రెండు సుక్కలు కండ్లల్ల పొయ్యి. సల్లగైతది" అంది. పోశాను. దవాఖానకు పోవాలంటే పొద్దున బస్సు దాకా ఆగాలి. అప్పటికి చూపు మిగులుతుందా... పాపకు ఇవాళే మొదటి పన్ను కనిపించింది. ఆయన ఇంకా చూడనేలేదు.

కళ్ళ మీద తడిగుడ్డ వేసి పడుకోబెట్టి, వెలిగించిన కందిలి పక్కన పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఇప్పుడే విసుక్కున్నారు.

"ఏందే, ఆ కందిలి తీసెయ్యి. గుడ్డలకెల్లి గూడ కండ్లల్ల పొడుస్తున్నది."

వెలుగు తెలుస్తోంది ఆయనకు! ఆర్పేస్తున్నాను.