బావి నోట్లో కాంక్రీటు

కరట్టుప్పాళెం,
ఆగస్టు 11.

భూగర్భజలాల శాఖ పెద్ద ఇంజనీరు గారికి,

మారప్ప కౌండర్ భార్య పొన్నాత్తాళ్ నమస్కారం పెట్టి రాయిస్తున్నది. మీరు, మీ పిల్లాపాపలు చల్లగా ఉండాలి. నేను మాత్రం చల్లగా లేను. బుధవారం మీరు నా బావి నోట్లో కాంక్రీటు పోయిస్తారట. పోయించే ముందు ఇది చదవండి. రాసేది రేషన్ కొట్టు సరస, మాటలు నావి.

రోడ్డు మీది పెట్రోలు బంకులో భూమిలోని ట్యాంకు కారి మా నీళ్లు చెడి మూడేళ్లయింది. చేద వేస్తే డీజిలు వాసన. మీ శాఖ పంపిన యాళిని అనే పిల్ల వచ్చి, బావి చుట్టూ గొట్టాలు దింపి, నేలలోకి గాలి కొట్టించి, ఎరువునీళ్లు వదిలింది. పొలానికి వేసే ఎరువు బావికి వేస్తావేమే, నీళ్లు కాపు కాస్తాయా అని నవ్వాను. మట్టిలోనే కంటికి కనపడని జీవులున్నాయి అవ్వా, డీజిలే వాటికి అన్నం, ఊపిరాడక పడున్నాయి, కాస్త గాలీ ఎరువూ ఇస్తే అవే తినేస్తాయి అంది. ఎనిమిది నెలల్లో వాసన సగానికి దిగింది. నా ముక్కే సాక్షి.

మొన్నటి పరీక్షలో జీవులన్నీ చచ్చాయని తేలింది. మీరు ఊరందరి ముందూ, నీ పురుగుల ఆటకి సర్కారు ఇంకెన్నాళ్లు పాలు పోయాలమ్మా, మూసేయ్ అన్నారు. ఆ పిల్ల సీసాల పెట్టె సర్దుకుంది. దాని ఉద్యోగమూ ఊడుతుందట. అది అబద్ధమాడలేదయ్యా. ఆ జీవులు వాటంతటవి చావలేదు. ఇంకో రెండు నెలలు గాలి కొట్టించండి. కాదంటే బుధవారం బావిగట్టు మీదే కూర్చుంటాను, ఆ కాంక్రీటు నా మీదే పోయించండి.

ఇట్లు,
పొన్నాత్తాళ్.

తాజా కలం: సరస చదివి వినిపించింది. వాటంతటవి చావకపోతే ఎవరు చంపారని ఆయన అడగడా అత్తా అంది. అడుగుతాడు, రాయవే అన్నాను.

ఆడి నెల పద్దెనిమిదో నాటి నీళ్ల పండుగకు ముందు యాళిని సంబరంగా, ఒక్క చుక్కలో లక్షల జీవులు అవ్వా అంది. నాకు ఒళ్లు జలదరించింది. పండుగ రోజు మా ఆడవాళ్లం పూజ చేసేది ఆ నీటికే. పురుగులున్న నీళ్లకు హారతి ఎలా ఇస్తాం? నలభై ఏళ్లుగా పండుగకు ముందు బావిలో వేసే బ్లీచింగ్ పొడే వేశాను. ఏటా ఒక డబ్బా, ఈసారి సంచి మొత్తం. ఏమీ వేయొద్దని ఆ పిల్ల చెప్పే ఉంది. నీళ్ల సంగతి నాకా చెప్పేది అనుకున్నాను.

ఆ పిల్లను ఊరందరి ముందూ అన్నారు గనక ఇదీ అందరి ముందే చదవండి. కింది వేలిముద్ర ఆ సంచి విప్పిన చేతిదే.