కరెంటు చాలని బొమ్మ

బాబాయ్‌ గారికి,

నాన్న కంప్యూటర్‌కని మీరు ప్రేమతో ఇచ్చిన పవర్ సప్లైని తిప్పి పంపుతున్నాను, మరోలా అనుకోకండి. అది బాగానే ఉంది. నాన్న కొత్త గ్రాఫిక్స్ కార్డుకే దాని నాలుగు వందల యాభై వాట్లు చాలలేదు.

ఫిల్మ్‌నగర్‌లో ఇన్నేళ్లు సెట్ల వెనక తెరలకి రంగులు వేసిన నాన్న, ఇప్పుడు ఆ పనే కంప్యూటర్‌లో నేర్చుకుంటున్నారు కదా. బొమ్మ పూర్తి కావచ్చేసరికి కంప్యూటర్ టక్కున ఆగిపోయేది. ప్రతిసారీ తనే ఏదో తప్పు నొక్కాననుకునేవారు. పోయిన వారం "ఇది నా చేతికి రాదమ్మా, వదిలెయ్" అని దాని మీద దుప్పటి కప్పేశారు. ఆయన్ని అలా నేనెప్పుడూ చూడలేదు.

కార్డు పెట్టె మీద చూస్తే ఏడు వందల యాభై వాట్లు కావాలని ఉంది. వెంటనే అన్ని వాట్ల పవర్ సప్లై కొనుక్కొచ్చి బిగించాను.

"తప్పు నీది కాదు నాన్నా, దానికి కరెంటు చాలలేదు" అన్నాను. నమ్మలేదు. బతిమాలితే కూర్చున్నారు.

ఈసారి బొమ్మ చివరిదాకా వచ్చింది. నాన్న దాన్నే చాలాసేపు చూశారు. నేను మెచ్చుకోబోతుంటే చెయ్యెత్తి ఆపారు.

"మబ్బులు బాలేవే. మళ్లీ వేస్తాను, జరుగు" అన్నారు.

భోజనానికి రెండుసార్లు పిలిచాను. ఇంకా లేవలేదు.

మీ అమ్మాయి