దిండు ఎత్తులో క్షితిజరేఖ

ప్రియమైన అమ్మకి,

నువ్వు నర్సుగా పనిచేసే ఆసుపత్రిలో పిల్లల కొత్త వార్డు గాజు గోడ డిజైను పని మా ఆఫీసుకే వచ్చింది. ట్రైనీనైనా నా చేతికే ఇచ్చారు. భవనాన్ని ముందుగా కంప్యూటర్లోనే కట్టి చూసే సాఫ్ట్‌వేర్ ఉందిక్కడ. గాజు పలకల మధ్య లోహపు పట్టీలు ఎంత దూరంలో రావాలో ఒక గడిలో అంకె కొడితే చాలు, గోడంతా దువ్విన జడలా పాయలు తీసుకుంటుంది. నువ్వు అడిగింది మరిచిపోలేదు. గోడ అడుగు నుంచి లెక్కేసి, అడ్డపట్టీ దిండుకి బాగా కిందే ఉండేలా పెట్టాను. పడుకున్న పిల్లల చూపుకి ఏదీ అడ్డు రాదు.

నీ వాగుడుకాయ

ప్రియమైన వాగుడుకాయకి,

నీ ఉత్తరం అందరికీ చదివి వినిపించాను. "మీ అమ్మాయి చేత మాటల కొట్టు పెట్టించండి సిస్టర్" అన్నారు డాక్టరు గారు.

ఒక్క సందేహం. పట్టీ వచ్చే ఎత్తులో పనివాళ్ళు రంగు టేపు కట్టి చూపించారు. నేను మంచం వేయించుకుని పడుకున్నాను (డ్యూటీలో పడుకున్నానని ఎవరితోనూ అనకు). టేపు సరిగ్గా కళ్ళ ముందుకే వచ్చింది. తల ఎత్తితే గాని బయటి చెట్టు కనిపించలేదు. కాలికి కట్టుతో ఉన్న పాప ఒకతె ఆ మంచానికే మారుతుంది. కదలకుండా వెల్లకిలా పడుకోవాలి, అది తల ఎత్తలేదు. నాకు తెలియని కారణం ఏదైనా ఉందేమో, రాయి.

అమ్మ

ప్రియమైన అమ్మకి,

అది పొరపాటు కాదమ్మా, ఆలోచించి పెట్టిందే. ఆ పట్టీ పిల్లలకి క్షితిజరేఖ. పైన ఆకాశం, కింద నేల, రెండూ కలిసే చోట చూపు ఆగి సేదదీరుతుంది. మొత్తం గాజే అయితే కళ్ళకి ఊతం ఉండదు. ఈ వాక్యాలు రాస్తుంటే నాకే ముచ్చటేసింది.

నీ వాగుడుకాయ

ప్రియమైన వాగుడుకాయకి,

పట్టీ కిందకి దించమని డాక్టరు గారు మీ ఆఫీసుకి రాయబోతుంటే నేనే ఆపాను. నీ క్షితిజరేఖ గురించి చదివి వినిపించాను. "మన సిస్టర్ కూతురు అంత ఆలోచించిందంటే ఇంకేం" అని ఒప్పుకున్నారు. వచ్చే వారం గాజు కోతకి ఇస్తారట.

అమ్మ

అమ్మకి,

'ప్రియమైన' అని రాయడానికి చెయ్యి రాలేదు. ఫోనులో నీ గొంతు వింటే చెప్పలేను, అందుకే రాస్తున్నాను.

క్షితిజరేఖా లేదు, ఏమీ లేదు. వాననీరు లోపలికి రాకుండా గోడ కింద దిమ్మె ఎత్తు పెంచారు. నా లెక్క గోడ అడుగు నుంచి కాబట్టి పట్టీ కూడా దాంతోపాటు పైకి లేచింది. సాఫ్ట్‌వేర్ తన పని తాను చేసింది. నేనే తిరిగి చూడలేదు. నీ సందేహం అందాక చూశాను. చూసి కూడా ఆ అందమైన మాటలు అల్లాను. నా అబద్ధాన్ని నీ గొంతుతో చదివించాను.

ఇవాళ ఆఫీసులో మా మేడమ్‌కి చెప్పాను. కోప్పడతారనుకున్నాను. కంప్యూటర్ ముందున్న కుర్చీ నా వైపు జరిపారు. ఒక్క గడిలో అంకె మార్చాను, పట్టీ దిగిపోయింది. అంతే పని. గాజు కోత ఆపించి, "గోడ సరే, ఆసుపత్రి వాళ్ళకి నువ్వే వెళ్ళి చెప్పిరా" అన్నారు.

గురువారం వస్తున్నాను. నువ్వు నా పక్కన నిలబడకు. డాక్టరు గారి వైపే ఉండు.

నీ కూతురు

ప్రియమైన వాగుడుకాయకి,

అవును, ఇంకా వాగుడుకాయవే.

నీ క్షితిజరేఖ ఉత్తరం అందిన రోజే మళ్ళీ ఆ మంచం మీద పడుకుని చూశాను. ఆకాశం కోసం, నేల కోసం వెతికాను. ఎంతసేపు చూసినా టేపే కనిపించింది. లేచి, చీర సర్దుకుని, నేరుగా డాక్టరు గారి గదికి వెళ్ళి నీ ఉత్తరం చదివాను. గొంతు పెంచి మరీ చదివాను. నా కూతురు తప్పు చేసిందని నలుగురూ అనుకోవడం కన్నా, ఆ పాపకి చెట్టు కనిపించకపోవడమే నయమనిపించింది ఆ పూట. ఆ మర్నాటి నుంచి దానికి దిండు సర్దేటప్పుడు ముఖం చూడలేకపోతున్నాను.

కాబట్టి గురువారం నేను డాక్టరు గారి వైపు ఉండలేను. ముందు నువ్వు చెప్పు. నిన్ను చూసి నేను చెబుతాను.

అమ్మ