అభిరామ్ వాళ్ళ విమానం

నవంబర్ 4, సోమవారం
అభిరామ్ వాళ్ళ నాన్న విమానం కొన్నాడు. కారు కాదు, విమానం! సెకండ్ హ్యాండే, నాలుగు సీట్లు. వాళ్ళ నాన్న శ్రీరామమూర్తి గారికి దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల షోరూములున్నాయి. మా నాన్న ఆ షోరూము ముందే షేర్ ఆటో ఆపి గిరాకీల్ని ఎక్కించుకుంటాడు. నల్గొండలో ఉన్న పొలం అమ్మి నన్ను పైలట్ ట్రైనింగ్‌లో చేర్పించాడు.

నేనూ అభిరామూ నేర్చుకునే అకాడమీలో రాత్రిపూట ఎగిరే విమానం ఒక్కటే, అది రిపేర్లో ఉంది. నైట్ ఫ్లయింగ్ కాకపోతే లైసెన్స్ లేదు. ఈ నెలాఖరుకల్లా అవ్వకపోతే ఎయిర్‌లైన్ సెలక్షన్ పోయినట్టే. నాకూ పోతుంది, వాడికీ పోతుంది అనుకుని ఇన్నాళ్ళూ హాయిగా ఉన్నాను.

నవంబర్ 6
నిద్ర పట్టలేదు.

నవంబర్ 9, ఉదయం
వాడు ఫోన్ చేశాడు. ఒరేయ్ మహేందర్, నాన్నగారు ఒప్పుకున్నారు, అకాడమీ వాళ్ళూ సరేనన్నారు, మన విమానంలోనే నువ్వూ నేర్చుకోవచ్చు, వచ్చెయ్యరా అన్నాడు. మన విమానమట! చూస్తాలే అన్నాను.

అమ్మ వంటింట్లోంచి విన్నది. గా పిలగాడు మంచిగ పిలుస్తుంటే నీకేం రోగమొచ్చిందిర, పోవేంది అని తిట్టింది. వాడి మంచితనమే నాకు పడదు. కాస్త పొగరున్నా ఎంత బాగుండేది!

నవంబర్ 14, రాత్రి
సిగ్గు చంపుకుని ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కి అకాడమీకి పోయాను. ముందు వాడు ఎగిరాడు. పక్కన మా ఇన్‌స్ట్రక్టర్ పట్టాభి సార్. నేను వెనక సీట్లో. దేవుడా, వీడు తడబడాలి అని మొక్కుకున్నాను. ఎక్కడ తడబడ్డాడు! చక్రాలు రన్‌వేని తాకిన సంగతే తెలియలేదు. సొంత విమానం ఉంటే నేనూ అంతే, తేడా డబ్బులోనే అనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ.

తర్వాత నేను. అదే విమానం, అదే సీటు. దించిన ప్రతిసారీ దబ్బుమని పడి మళ్ళీ లేచింది. చివరికి సార్ కంట్రోల్స్ లాక్కున్నాడు. చచ్చిపోదామనిపించింది.

దిగాక అభిరామ్ భుజం మీద చెయ్యేశాడు. నీ తప్పు కాదురా, మా ల్యాండింగ్ లైట్ డల్‌గా ఉన్నట్టుంది అన్నాడు, సార్ వింటుండగానే. పచ్చి అబద్ధం, నా పరువు కోసం. సార్ నా వైపు తిరిగి, లైట్ మీద నీకూ అనుమానముంటే రేపు చెప్పు, చెక్ చేయించేదాకా ఈ విమానం ఎవరికీ ఇవ్వను అన్నాడు.

నవంబర్ 15, పొద్దున
లైట్ బాలేదు సార్ అంటే చాలు. మెకానిక్ రావాలి, పార్ట్ రావాలి, సంతకాలు కావాలి. నెలాఖరు దాటిపోతుంది. తప్పు లైట్ మీదికి పోతుంది, నాకు రాదని ఎవరూ అనరు. వాడూ ఇక్కడే ఉండిపోతాడు. పైగా ఆ మాట ముందు అన్నది వాడే. నాన్న పొద్దున్నే ఆటో కడుగుతూ, ఎట్లయిందిర రాత్రి అని అడిగాడు. మంచిగైంది అన్నాను. ఛీ, నా బతుకు.

నవంబర్ 15, రాత్రి
లైట్ బాగానే ఉంది సార్, నాకే రాలేదు అన్నాను. సార్ వాణ్ణి ఒక్కణ్ణే సోలో పంపాడు. నేను కింద నిలబడి చూశాను. కడుపుమంట మాత్రం ఏమీ తగ్గలేదు.