ఓడిన ఎడ్లకు నీళ్లు

ఆదివారం రాత్రి, నేరేడుచర్ల

పొద్దున తమ్ముడు ఎడ్లను హుజూర్‌నగర్ బండలాగుడు పందేనికి డీసీఎం వ్యాన్ల ఎక్కిస్తుంటే, వాళ్ల కొత్త కోడలు మౌనికకు నేనే చెప్పిన: "పందెం నుంచి రాంగనే వాకిట్ల ఎడ్ల కాళ్లు కడిగి బొట్టు పెట్టాలె బిడ్డా. మనింటి మర్యాద."

సాయంత్రం ఓడి వచ్చినయి. మౌనిక ఒక్కతే నీళ్ల చెంబుతో ఎదురొచ్చింది. తమ్ముని మొఖం చూసి నేను, "ఇయ్యాల వద్దులే" అన్న.

"గెలిస్తెనే కడుగుతరా అత్తమ్మా?"

నేను ఎడ్ల పగ్గం అందుకున్న. ఆమె చెంబు లోపల పెట్టేసింది. పెద్ద ఎద్దు మాత్రం అలవాటుగా కాలు ముందుకు పెట్టి నిలబడ్డది.

దేవుని దగ్గర దీపం పెట్టి కూసున్నా మనసు నిలుస్తలేదు. రేపు పొద్దున్నే నేనే కడుగుత. అయినా ఆ పిల్ల, సాయంత్రం చూసిందే మనింటి మర్యాద అనుకుంటదేమో.