నీలం వెలుగు కొలత

జూన్ 9

జమ్మలమడుగు. మధ్యాహ్నమంతా ఆసుపత్రిలో, చెల్లెలు శారద పనిచేసే ల్యాబులో. తెమడ స్లైడుకు రంగు పట్టించి మైక్రోస్కోపులో వెలుగు వేస్తే, క్షయ క్రిములు చీకట్లో పసుపుపచ్చ పుల్లల్లా మెరుస్తాయి. పాత పాదరసం బల్బు మసకబారింది. కరెంటు పోతే మళ్ళీ చల్లారేదాకా వెలగదు. కరెంటేమో పోతూనే ఉంటుంది. బదులుగా రెండు ఎల్‌ఈడీ లైట్లు పంపారు, చూసి ఒకటి ఉంచుకోమని. ఒకటి తెల్లది, ఒకటి నీలం.

"ప్రతిదానికీ అంకె అడుగుతావు గదన్నా. దీనికీ ఒకటి తెచ్చియ్యి."

జూన్ 10

ప్రొద్దుటూరులో ఫోటో స్టూడియో నుంచి వెలుగు కొలిచే లక్స్ మీటరు అడిగి తెచ్చుకున్నాను. సాయంత్రం బస్సుకు జమ్మలమడుగు. రెండు లైట్ల ముందూ మూడేసిసార్లు పెట్టాం. ప్రతిసారీ తెల్లదానిదే పెద్ద అంకె. నీలం దరిదాపుల్లో లేదు. మైక్రోస్కోపు ఫిల్టరు ఎటూ, స్లైడు మీది రంగును మెరిపించే నీలాన్నే లోపలికి పంపుతుంది... ఎక్కువ వెలుగున్నది ఎక్కువ నీలమే ఇస్తుందనుకున్నాం. శారద నిండా క్రిములున్న పాత స్లైడు పెట్టి చూసింది. కనిపించాయి.

తెల్లది ఉంచుకోమని రాసిచ్చాను. తేదీ, సంతకంతో.

అలసంద వడలు. ఆరు తిన్నాను.

జూన్ 12

శారద ఫోను. గొర్రెలు కాసే ఓబులేసుకు నెల పైగా దగ్గు. స్లైడు తెల్ల లైటు కింద చూసింది— ఏమీ లేదు. "లేదని చెప్తే నవ్వుకుంటా పోయినాడన్నా."

జూన్ 13

పులివెందుల. పత్రికకు చీనీ బత్తాయి తోటల వార్త. పదకొండుకే పని అయింది. కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఖాదర్ బాషాతో టీ. లైటు సంగతి కాస్త గొప్పగానే చెప్పాను. గ్లాసు కింద పెట్టాడు.

"దేంతో కొలిచినావప్పా?"

లక్స్ మీటరుతో అన్నాను.

"అది మన కన్ను మాదిరే చూస్తది. కంటికి నీలం శానా తక్కువ ఆనతాది, పసుపు ఎక్కువ. కంటికి ఏది బాగుందో చెప్పింది నీ మీటరు. స్లైడు మీది రంగుకు ఏది కావాలో నువ్వు అడగల్యా."

నవ్వుతూనే ఉన్నాడు, నేను బస్సెక్కేదాకా.

జూన్ 14

ముప్పై ఏళ్ళుగా ఎవరు అంకె చెప్పినా, ఎలా లెక్క కట్టారని అడిగాను. మీటరును అడగలేదు.

జూన్ 16

బాషా, కంటితో పని లేకుండా వెలుగు శక్తినే కొలిచే పవర్ మీటరు సంచిలో వేసుకుని జమ్మలమడుగు వచ్చాడు. కిటికీకి దుప్పటి కట్టాం. లైటు ముందు కాదు, స్లైడు కూర్చునే చోట, ఫిల్టరు దాటి వచ్చిన వెలుగును కొలవాలన్నాడు. అరగంట పని. నీలం లైటు తెల్లదానికి మూడింతల పైనే. పాత బల్బు మధ్యలో, అదీ నిలకడ లేకుండా.

"మీ అన్న రాసిచ్చిన కాయితం యాడమ్మా? ఫ్రేము కట్టియ్యాల."

శారద నవ్వింది. నేనూ.

తరువాత ఓబులేసు స్లైడును నల్ల డబ్బాలోంచి తీసింది. నీలం కింద పెట్టింది. రెండు పుల్లలు... మూడేమో.

"ఇంత తక్కువుంటే ఉందనీ రాయకూడదు, లేదనీ రాయకూడదు. మళ్ళా తెమడ కావాల. ఆయన్ను పట్టుకురా అన్నా."

జూన్ 17

ఓబులేసు ఫోను ఇంట్లోనే, కోడలి చేతిలో.

"మంద యాడ కడితే ఆడుంటాడు సార్. ఏ రైతు పిలిస్తే ఆ చేను."

దుక్కి ముందు రోజులు. ఎరువు కోసం అందరూ మందను పిలిచేవాళ్ళే. ఎందుకని అడిగింది. చెప్పలేదు. ఆయన జబ్బు సంగతి ముందు ఆయనకే తెలియాలి. తెలిసిన రైతులకు ఒక్కొక్కరికే ఫోను. ఏడో ఆయన— "నిన్నటిదాకా మా చేన్లోనే. పక్కూరికి తోలుకపోయినాడు."

జూన్ 18

దొరికాడు. నల్లరేగడి చేను, తడికెల మధ్య గొర్రెలు. మాట మధ్యలో దగ్గు.

"లేదన్యారు గద సార్, మళ్ళా ఏందికి?"

సరైన లైటు కింద చూడలేదు, మళ్ళీ పరీక్ష చేయాలి అన్నాను.

"ఆ లైటు ఎవురు ఏరినారు?"

"నేనే."

కర్రతో మట్టి గీస్తూ నిలబడ్డాడు.

"నెలనాళ్ళు ఇంట్లో దూరంగా కూసున్యా. ఆ పొద్దు పోయి ఏం లేదంట అని చెప్తే, కోడలు మనవణ్ణి చేతికిచ్చింది. మూడు నెల్లోడు. రెండు దినాలు ఎత్తుకోని తిరిగినా."

తప్పు నాదేనన్నాను.

"నేను పొట్టేలును కొంటే నోరు తెరిచి పండ్లు చూస్తా సార్. ఉన్ని చూసి కొనను."

శారద ఇచ్చిన మూత డబ్బా అందించాను. పొద్దున లేవగానే తెమడ పట్టాలని చెప్పాను. మందను బామ్మర్దికి అప్పజెప్పి వస్తానన్నాడు. గొర్రెపాలు కాచి టీ ఇచ్చాడు. చిక్కగా ఉంది.

జూన్ 19

వచ్చాడు. నేను వెళ్ళేసరికే ల్యాబు బయట బెంచీ మీద ఉన్నాడు, తలగుడ్డ ముక్కుకు అడ్డం కట్టుకుని. డబ్బా ఒరుగుతుందని బస్సులో నిలబడే వచ్చాడట.

శారద రంగు పట్టిస్తుండగా కొత్త కాగితం రాశాను. నీలం లైటు. దేంతో కొలిచాం, ఎక్కడ కొలిచాం, ఎవరు కొలిచారు. మొదటిది ఎందుకు తప్పు. శారద దాన్ని గోడకు అంటించింది.

పన్నెండున్నర. లోపల దుప్పటి కట్టిన గది. శారద వరస వరసగా జరుపుతూ చూస్తోంది. తలుపు సందులోంచి భుజాలే కనిపిస్తున్నాయి.

"ఏమంట సార్?"

ఇంకా చూస్తోంది అన్నాను.

"నిదానంగా చూడమను. ఈసారి ఇంటికిపోయి చెప్పింది మళ్ళా మార్చేటట్లు ఉండకూడదు."

ఒకటీ ముప్పావు. శారద ఇంకా తల ఎత్తలేదు.