గోరుతో గీకి చూడు

అమ్మా,

తిండికీ నిద్రకీ లోటు లేదు, బెంగ పెట్టుకోకు. నర్సరీలో చేరిన వారానికే, ఆకులు రాలిన గులాబీలు చచ్చాయనుకుని పన్నెండు మొక్కలు పీకేశాను. ఎనభై ఏళ్ల పెద్దమాలి తిట్టలేదు. కొమ్మను గోరుతో గీకి లోపలి పచ్చదనం చూపించాడు. "చలికాలం దీనికి చావు కాదురా, పడక. నేనెన్నిసార్లు మోడువారి చిగురేశానో!" అంటూ అన్నీ తనే మళ్లీ నాటాడు. నిన్నటికి పదకొండు చిగురేశాయి! ఆ చేతులకి దండం పెట్టాలనిపించింది.

జబ్బు నుంచి లేచాక నాన్న గోడకేసి చూస్తూ కూర్చుంటున్నారనీ, ఇక వడ్రంగం ఆయన వల్ల కాదని పనిముట్లు అటకెక్కించాననీ రాశావు. కార్డు అందగానే దించు. స్టూలు కాలు ఊగుతోందన్నావుగా, బయట ఎవరికీ ఇవ్వకు, ఆయన ముందు పెట్టు.

చెల్లికి దీవెనలు. నాన్నకి నమస్కారాలు కాదు, నేను పని చెప్పానని చెప్పు.